ఒకే కంప్యూటర్, మూడు భాషలు: ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చేసే పనేమిటి?

పైథాన్ డౌన్‌లోడ్ చేశారు, ఇన్‌స్టాల్ చేశారు, ఎక్కడా ఎర్రర్ రాలేదు. టెర్మినల్ తెరిచి దాని పేరు కొడితే మాత్రం ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అని జవాబు. ఇంజినీరింగ్ ల్యాబుల్లో ఈ మాట చూడని విద్యార్థి అరుదు. ఆ తర్వాత ఎక్కువ మంది చేసేది ఒకటే. ఇంటర్నెట్‌లో వెతికి, ఎవరో రాసిపెట్టిన రెండు వరుసలు కాపీ చేసి అతికిస్తారు. పని జరిగిపోతుంది. ఎందుకు జరిగిందో తెలియదు.

ఆ రెండు వరుసలు చేసేది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు విలువ ఇవ్వడం. చదువుకునే రోజుల్లో అది తెలియకపోతే ఒక సాయంత్రం వృథా అవుతుంది. ఉద్యోగంలో చేరాక అదే చోట డేటాబేస్ పాస్‌వర్డులు, క్లౌడ్ ఖాతాల తాళాలు ఉంటాయి. అక్కడ తెలియకపోతే నష్టం సంస్థకు, దాన్ని నమ్మి వివరాలిచ్చిన జనానికి. కాబట్టి ఈ విషయాన్ని ఒకసారి మొదటినుంచీ అర్థం చేసుకోవడం మంచిది.

ఒక మాట. ఇక్కడ కమాండ్లను తెలుగు లిపిలో రాశాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ఇంటిపేరు లాంటిది

టెర్మినల్‌లో మనం కొట్టే మాటలను అందుకుని, అర్థం చేసుకుని, తగిన ప్రోగ్రాంను నడిపించేదే షెల్. లినక్స్‌లో సాధారణంగా అది బ్యాష్. ఆపిల్ మ్యాక్‌లలో 2019లో వచ్చిన కాటలీనా నుంచి జడ్‌షెల్. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ లేదా పవర్‌షెల్.

షెల్ ఏ ప్రోగ్రాంను మొదలుపెట్టినా దాని చేతిలో ఒక చిన్న జాబితా పెట్టి పంపుతుంది. జాబితాలో ప్రతి వరుసా ‘పేరు = విలువ’ రూపంలో ఉంటుంది. వాడుతున్న వ్యక్తి ఎవరు, అతని హోం డైరెక్టరీ ఏది, ఏ భాష కావాలి, ప్రోగ్రాంలు ఏయే ఫోల్డర్లలో ఉంటాయి వంటి సమాచారం అందులో ఉంటుంది. ఈ జాబితాయే ఎన్విరాన్‌మెంట్. అందులోని ఒక్కో వరుస ఒక్కో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. టెర్మినల్‌లో ‘ఈఎన్‌వీ’ అని కొడితే జాబితా మొత్తం కనిపిస్తుంది. బెల్ ల్యాబ్స్ 1979లో విడుదల చేసిన యూనిక్స్ ఏడో వెర్షన్‌తో, స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్‌తో ఈ ఏర్పాటు వచ్చింది. నేటి లినక్స్, మ్యాక్ రెండూ దాన్నే కొనసాగిస్తున్నాయి.

గుర్తుపెట్టుకోవలసిన సూత్రం ఒక్కటే. ఈ జాబితా పైనుంచి కిందికే పోతుంది, అదీ నకలుగా. తల్లి ప్రాసెస్ నుంచి పిల్ల ప్రాసెస్‌కు, ఇంటిపేరు వచ్చినట్టే వస్తుంది. పిల్ల తన ఇంటిపేరు మార్చుకుంటే తల్లిదండ్రుల ఇంటిపేరు మారదు. అలాగే పిల్ల ప్రాసెస్ తన జాబితాను ఎంత మార్చుకున్నా దాన్ని పుట్టించిన షెల్‌కు ఏమీ కాదు. పక్కనే తెరిచి ఉన్న మరో టెర్మినల్‌కూ కాదు.

షెల్‌లో మామూలుగా ఒక పేరుకు విలువ ఇస్తే అది ఆ షెల్ సొంతం. ముందు ‘ఎక్స్‌పోర్ట్’ అనే మాట చేర్చినప్పుడే అది పిల్లలకు అందే జాబితాలోకి చేరుతుంది. బ్యాష్‌లో సమాన గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. వదిలితే షెల్ ఆ పేరునే కమాండ్ అనుకుని వెతకబోతుంది. ‘కమాండ్ నాట్ ఫౌండ్’ రావడానికి ఇదీ ఒక కారణం.

మోవాలో ఒక ఇల్లు అనుకుందాం

ఈ సూత్రం ఎలా పనిచేస్తుందో చూడటానికి ఛత్తీస్‌గఢ్ రాజధానికి వెళ్దాం. రాయ్‌పూర్, భిలాయ్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. రాయ్‌పూర్‌లోని మోవాలో అలాంటి ఒక ఇంటిని ఊహించుకోండి. పెద్దవాళ్లు తెలుగు చదువుతారు. పిల్లల బడి హిందీలో. వీధిలో వినిపించేది ఛత్తీస్‌గఢీ. ఇంట్లో లినక్స్ ఉన్న కంప్యూటర్ ఒకటే.

ఆ కంప్యూటర్‌కు ఎవరి భాష చెప్పాలి? ఎవరిదీ శాశ్వతంగా చెప్పక్కర్లేదు. ‘లాంగ్’ అనే వేరియబుల్ ఉంది. దానికి ‘టీఈ అండర్‌స్కోర్ ఐఎన్’ అని విలువ ఇచ్చి, తేదీ చూపే ‘డేట్’ కమాండ్ కొడితే వారం పేరు, నెల పేరు తెలుగులో వస్తాయి. పక్క టెర్మినల్‌లో ‘హెచ్ఐ అండర్‌స్కోర్ ఐఎన్’ అని ఇస్తే అదే కమాండ్ హిందీలో చెబుతుంది. ‘హెచ్ఎన్ఈ అండర్‌స్కోర్ ఐఎన్’ అంటే ఛత్తీస్‌గఢీ. లినక్స్‌కు మూలాధారమైన గ్నూ సీ లైబ్రరీలో ఈ మూడు భాషల వివరాలూ ఉన్నాయి. ఛత్తీస్‌గఢీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. ఈ లైబ్రరీలో మాత్రం తెలుగు, హిందీల పక్కనే దానికీ చోటు దొరికింది.

ఇక్కడ జరిగింది గమనించండి. ప్రోగ్రాం ఒక్కటే, కంప్యూటర్ ఒక్కటే. మారింది షెల్ దాని చేతికిచ్చిన జాబితాలోని ఒక వరుస. ఒక టెర్మినల్‌లో తాతగారి తెలుగు, ఇంకో టెర్మినల్‌లో మనవరాలి హిందీ ఒకే సమయంలో నడుస్తాయి. ఒకరి ఎంపిక మరొకరికి అడ్డురాదు.

వేరియబుల్‌కు హద్దు కూడా ఉంది. అది కోరికను చెబుతుంది, అంతే. దాన్ని తీర్చే సరంజామా కంప్యూటర్‌లో ఉండాలి. ముందుగా ఆ భాష వివరాలు ఇన్‌స్టాల్ అయి ఉండాలి. ‘లొకేల్ మైనస్ ఏ’ అని కొడితే ఏవి ఉన్నాయో తెలుస్తుంది. లేని భాష పేరు ఇస్తే చాలా ప్రోగ్రాంలు ఏ పేచీ లేకుండా ఇంగ్లీషుకు వెళ్లిపోతాయి. రెండోది, ప్రోగ్రాం ఇచ్చే సందేశాలను ఎవరో తెలుగులోకి అనువదించి ఉండాలి. వారాల పేర్లు తెలుగులో వచ్చినంత మాత్రాన ఎర్రర్ సందేశాలు కూడా తెలుగులో వస్తాయనుకోకూడదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థలు తెలుగు లినక్స్ కోసం చేసిన కృషి విలువ ఇక్కడ అర్థమవుతుంది. వేరియబుల్ మార్చడానికి ఒక్క వరుస చాలు. దాని వెనుక అనువాదం కొన్నేళ్ల పని.

ఇదే కుటుంబానికి చెందిన మరో రెండు పేర్లు తెలిసి ఉండాలి. ‘ఎల్‌సీ’తో మొదలయ్యే వేరియబుల్స్ తేదీ, డబ్బు, అక్షర క్రమం వంటి ఒక్కొక్క అంశాన్ని విడిగా నిర్ణయిస్తాయి. ‘ఎల్‌సీ ఆల్’ అన్నిటినీ తోసిరాజని తన మాట నెగ్గించుకుంటుంది. ‘లాంగ్’ మార్చినా ఫలితం లేదంటే, ‘ఎల్‌సీ ఆల్’కు ఇప్పటికే ఏదో విలువ ఉందేమో చూడాలి.

అయిదున్నర గంటల పొరపాటు

భాష తర్వాత సమయం. భారత ప్రామాణిక సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది ఛత్తీస్‌గఢ్ మీదుగా సాగి ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడకు దగ్గరగా సముద్రంలోకి పోతుంది. రాయ్‌పూర్ ఆ రేఖకు ఒక డిగ్రీ లోపే పడమరగా ఉంది. అంటే అక్కడ గోడ గడియారానికీ సూర్యుడికీ తేడా కొన్ని నిమిషాలే.

అదే మోవాలో కూర్చుని క్లౌడ్‌లో ఒక సర్వర్ అద్దెకు తీసుకుంటే మాత్రం దాని గడియారం సాధారణంగా ప్రపంచ సమన్వయ సమయం, అంటే యూటీసీలో ఉంటుంది. మన సమయం దానికి అయిదున్నర గంటలు ముందు. రోజువారీ లెక్కలు అర్ధరాత్రి పన్నెండింటికి ముగించమని రాస్తే, అవి మన తెల్లవారుజాము 5:30కి ముగుస్తాయి. రాత్రి పన్నెండు దాటాక వచ్చిన అమ్మకాలు ముందురోజు ఖాతాలో పడతాయి.

ప్రోగ్రాం ఏ సమయం చూపాలో చెప్పే వేరియబుల్ పేరు ‘టీజడ్’. దానికి ఇవ్వవలసిన విలువ ‘ఆసియా స్లాష్ కోల్‌కతా’. చాలామంది అలవాటుగా ‘ఐఎస్‌టీ’ అని రాస్తారు. లినక్స్‌లో అక్కడే మోసపోతారు. ఆ మూడక్షరాలతో సమయ మండలం ఏదీ దానికి తెలియదు. అయినా తప్పని చెప్పదు. యూటీసీ సమయాన్నే చూపించి, పక్కన ‘ఐఎస్‌టీ’ అని పేరు తగిలిస్తుంది. పేరు మనది, గడియారం గ్రీనిచ్‌ది. ఎర్రర్ రాకపోవడమే ఇందులో ప్రమాదం.

‘పాత్’: వరుసలో ముందున్నదే గెలుస్తుంది

ఇక మొదట్లో అనుకున్న ‘కమాండ్ నాట్ ఫౌండ్’ దగ్గరకు వద్దాం. మీరు ఒక కమాండ్ పేరు కొడితే షెల్ కంప్యూటర్ అంతా గాలించదు. ‘పాత్’ అనే వేరియబుల్‌లో రాసి ఉన్న ఫోల్డర్లను మాత్రమే వరుసగా చూస్తుంది. లినక్స్, మ్యాక్‌లలో ఆ ఫోల్డర్ల మధ్య కోలన్ ఉంటుంది, విండోస్‌లో సెమీకోలన్. మీ పైథాన్ ఉన్న ఫోల్డర్ ఆ వరుసలో లేకపోతే పైథాన్ ఇన్‌స్టాల్ అయినా షెల్ దృష్టిలో లేనట్టే.

ఫోల్డర్ వరుసలో ఉంటే సరిపోదు, ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. మొదట దొరికినదాన్నే షెల్ నడుపుతుంది. కాలేజీ సిలబస్‌కు జావా 8, ప్రాజెక్టుకు జావా 17 కావాలనుకోండి. రెండూ ఇన్‌స్టాల్ చేస్తే, ‘పాత్’లో ముందున్నదే పలుకుతుంది. ‘విచ్’ అని కొట్టి పక్కన కమాండ్ పేరు ఇస్తే ఏది నడవబోతోందో తెలుస్తుంది. మావెన్, టామ్‌క్యాట్ వంటివి ‘జావా హోం’ అనే మరో వేరియబుల్‌ను కూడా చూస్తాయి. ‘పాత్’ ఒక జావాను, ‘జావా హోం’ ఇంకో జావాను చూపిస్తే అర్థంకాని ఎర్రర్లు వస్తాయి.

‘పాత్’తో తరచుగా జరిగే అనర్థాలు రెండు.

ఒకటి, పాత విలువను కలపకుండా కొత్త ఫోల్డర్ ఒక్కటే రాయడం. వెంటనే ‘ఎల్ఎస్’ వంటి ప్రాథమిక కమాండ్లు కూడా మాయమవుతాయి. కంగారు పడనక్కర్లేదు. ఆ ఒక్క టెర్మినల్‌లోనే కొట్టి ఉంటే దాన్ని మూసి కొత్తది తెరిస్తే చాలు. శాశ్వత ఫైల్‌లో రాసి ఉంటే ఎడిటర్‌ను దాని పూర్తి చిరునామాతో పిలిచి ఫైల్ సరిదిద్దాలి. పూర్తి చిరునామా ఇస్తే షెల్‌కు ‘పాత్’ అవసరమే లేదు.

రెండోది, ‘ఇప్పుడున్న ఫోల్డర్’ అని అర్థమిచ్చే చుక్కను ‘పాత్’ మొదట్లో పెట్టడం. ఎవరైనా ‘ఎల్ఎస్’ పేరుతోనే ఒక దుష్ట ప్రోగ్రాంను ఏదో ఫోల్డర్‌లో పెడితే, మీరు ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైళ్ల జాబితా అడిగినప్పుడు నడిచేది అదే.

ఎక్కడ రాయాలి?

విలువను మూడు పరిధుల్లో ఇవ్వవచ్చు.

ఒక్క కమాండ్‌కే కావాలంటే, ఆ కమాండ్ ముందు అదే వరుసలో ‘పేరు = విలువ’ను ఖాళీ లేకుండా రాయాలి. ఆ కమాండ్ ముగియగానే విలువ కూడా పోతుంది. తేదీని ఒక్కసారి తెలుగులో చూడాలంటే ఇది చాలు.

ఆ టెర్మినల్ తెరిచి ఉన్నంతసేపూ కావాలంటే ‘ఎక్స్‌పోర్ట్’ వాడాలి. టెర్మినల్ మూస్తే అదీ పోతుంది.

ప్రతిసారీ కావాలంటే షెల్ మొదలయ్యేటప్పుడు చదివే ఫైల్‌లో రాయాలి. బ్యాష్‌కు హోం డైరెక్టరీలోని ‘డాట్ బ్యాష్ఆర్‌సీ’, జడ్‌షెల్‌కు ‘డాట్ జడ్ఎస్‌హెచ్ఆర్‌సీ’. ఫైల్‌లో రాయగానే, అప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్‌కు ఆ సంగతి తెలియదు. ఫైల్‌ను మామూలు ప్రోగ్రాంలా నడిపినా లాభం లేదు. అలా నడిపితే ఒక పిల్ల షెల్ పుడుతుంది, విలువలు తీసుకుంటుంది, వాటితోపాటే ముగిసిపోతుంది. ‘సోర్స్’ కమాండ్‌తో నడిపితే ఉన్న షెల్ తానే ఆ ఫైల్ చదువుకుంటుంది. ‘సోర్స్’ ఎందుకు కొట్టాలో తెలియకుండా కొట్టేవారికి సమాధానం ఇదే: ఇంటిపేరు కింది నుంచి పైకి పోదు.

విండోస్‌లో ‘సెట్’ ఆ విండోకే పరిమితం. ‘సెట్ఎక్స్’ శాశ్వతం, అయితే తర్వాత తెరిచే విండోలకే వర్తిస్తుంది. ‘సెట్ఎక్స్’ 1024 అక్షరాలు దాటిన విలువను కత్తిరించేస్తుంది. పొడవైన ‘పాత్’ను దానితో మార్చితే తోక తెగిపోతుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఉండే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ విండోలో మార్చడమే క్షేమం.

నిర్ణీత సమయానికి పనులు నడిపే ‘క్రాన్’ది ఇంకో తరహా. అది మీ బ్యాష్ ఫైల్‌ను చదవదు. చాలా చిన్న ‘పాత్’తో పని మొదలుపెడుతుంది. చేత్తో నడిపితే పనిచేసిన స్క్రిప్ట్ రాత్రి క్రాన్‌లో విఫలమైతే మొదట అనుమానించవలసింది దీన్నే. అవసరమైన విలువలన్నీ స్క్రిప్ట్‌లోనే స్పష్టంగా ఇవ్వాలి.

వారసత్వమే దారి అయినప్పుడు

పిల్లలందరికీ అన్నీ వస్తాయన్న సూత్రంలోనే ముప్పు ఉంది. రెండు ఘటనలు దాన్ని బయటపెట్టాయి.

2014 సెప్టెంబరు 24న ‘షెల్‌షాక్’ బయటపడింది. వేరియబుల్ విలువగా ఒక ఫంక్షన్‌ను కూడా పిల్ల షెల్‌కు పంపే సదుపాయం బ్యాష్‌లో ఉంది. విలువ కొన్ని ప్రత్యేక గుర్తులతో మొదలైతే బ్యాష్ దాన్ని ఫంక్షన్‌గా చదువుకునేది. ఫంక్షన్ ముగిశాక ఇంకేవైనా ఆదేశాలు తగిలించి ఉంటే, ఆగకుండా వాటినీ అక్కడే అమలు చేసేది. అప్పట్లో ఎన్నో వెబ్ సర్వర్లు సందర్శకుడి బ్రౌజర్ పంపిన వివరాలను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టి ప్రోగ్రాంలకు అందించేవి. అంటే బ్రౌజర్ పేరు ఉండాల్సిన చోట ఆదేశం రాసి పంపితే, ముక్కూమొహం తెలియని మనిషి మాట సర్వర్‌లో నడిచేది. ఈ లోపం 1989 నుంచే, అంటే పాతికేళ్లుగా బ్యాష్‌లో ఉంది.

రెండోది 2021లో కోడ్‌కవ్. సాఫ్ట్‌వేర్ పరీక్షలు కోడ్‌లో ఎంత భాగాన్ని తడిమాయో లెక్కకట్టే సంస్థ ఇది. వినియోగదారుల బిల్డ్ సర్వర్లు దాని బ్యాష్ స్క్రిప్ట్‌ను ప్రతిసారీ డౌన్‌లోడ్ చేసి నడిపేవి. దుండగులు జనవరి 31 నుంచి ఆ స్క్రిప్ట్‌లో ఒక్క వరుస మార్చారు. బిల్డ్ సర్వర్‌లోని ఎన్విరాన్‌మెంట్ జాబితాను మొత్తంగా తమ సర్వర్‌కు పంపించే వరుస అది. స్క్రిప్ట్ షెల్‌కు పిల్లే కాబట్టి క్లౌడ్ తాళాలు, టోకెన్లు అన్నీ దానికి వారసత్వంగానే అందాయి. ఏ తాళమూ పగలగొట్టనక్కర్లేకపోయింది. డౌన్‌లోడ్ అయిన ఫైల్ చెక్‌సమ్‌ను సంస్థ ప్రకటించిన విలువతో ఒక వినియోగదారుడు పోల్చి చూడటంతో ఏప్రిల్ 1న గుట్టు తెలిసింది. ఏప్రిల్ 15న సంస్థ బహిరంగంగా ప్రకటించింది.

మరి రహస్యాలు అక్కడ పెట్టకూడదా?

పాస్‌వర్డును కోడ్‌లోనే రాసేయడం కంటే ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టడం మేలు. అందులో సందేహం లేదు. 2016లో ఉబర్ నుంచి 5.7 కోట్ల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు పోయాయి. గిట్‌హబ్‌లో ఆ సంస్థ కోడ్ దాచుకున్న చోట దుండగులకు క్లౌడ్ ఖాతా తాళాలు దొరకడమే అందుకు మూలం. అయితే ‘మేలు’ అంటే ‘భద్రం’ అని కాదు. కొన్ని జాగ్రత్తలు తప్పవు.

ప్రాజెక్టు ఫోల్డర్‌లోని ‘డాట్ ఈఎన్‌వీ’ ఫైల్‌లో రహస్యాలు రాసుకోవడం ఇప్పుడు రివాజు. కోడ్ రాయడం మొదలుపెట్టే ముందే దాని పేరును ‘డాట్ గిట్ఇగ్నోర్’లో చేర్చాలి. పొరపాటున గిట్‌హబ్‌కు వెళ్లిపోతే ఫైల్ తొలగించినంత మాత్రాన సరిపోదు, పాత చరిత్రలో అది ఉండనే ఉంటుంది. మొదట చేయవలసిన పని ఆ తాళాన్ని రద్దుచేసి కొత్తది తీసుకోవడం. శుభ్రం చేయడం తర్వాత.

టెర్మినల్‌లో ‘ఎక్స్‌పోర్ట్’ రాసి పక్కనే పాస్‌వర్డు కొడితే అది షెల్ హిస్టరీ ఫైల్‌లోకి చేరుతుంది. బ్యాష్‌లో ‘రీడ్ మైనస్ ఎస్’ వాడితే తెరమీద కనిపించకుండా, హిస్టరీలో పడకుండా విలువ తీసుకోవచ్చు.

రియాక్ట్, వీట్ వంటివాటితో వెబ్ పేజీలు కట్టేవారు మరొకటి గమనించాలి. అక్కడ కొన్ని ప్రత్యేక పదాలతో మొదలయ్యే వేరియబుల్స్ విలువలు బిల్డ్ సమయంలోనే పేజీలో కలిసిపోయి, చూసే ప్రతివారి బ్రౌజర్‌కూ వెళతాయి. వాటిలో రహస్యం పెట్టడమంటే ఇంటి తాళం గుమ్మానికి వేలాడదీయడమే.

పెద్ద వ్యవస్థల్లో రహస్యాలకు విడిగా భద్రపరిచే సర్వీసులు ఉన్నాయి. కొద్దిసేపే చెల్లే తాళాలు ఇవ్వడం అక్కడ సాధ్యం. అంత ఏర్పాటు లేని చోట కూడా ఒక పని చేయవచ్చు. రహస్యాన్ని ‘డాట్ బ్యాష్ఆర్‌సీ’లో పెట్టి అన్ని ప్రోగ్రాంలకూ పంచకుండా, అవసరమైన ఒక్క కమాండ్‌కే ఇవ్వాలి. కొత్త స్క్రిప్ట్‌ను పరీక్షించాలంటే ‘ఈఎన్‌వీ మైనస్ ఐ’ ముందు పెట్టి ఖాళీ జాబితాతో నడపవచ్చు. అలా చేస్తే ఎన్విరాన్‌మెంట్ నుంచి ఎత్తుకుపోవడానికి దానికి ఏమీ దొరకదు. డిస్కు మీది ఫైళ్లకు మాత్రం ఇది రక్షణ కాదు.

ఇంటర్నెట్‌లో దొరికిన రెండు వరుసలను అతికించడం తప్పేమీ కాదు. అతికించే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఈ విలువ ఏ పరిధిలో పడుతోంది? దీన్ని ఏయే ప్రోగ్రాంలు వారసత్వంగా అందుకుంటాయి? అది వాటన్నిటికీ తెలియవలసిన సంగతేనా? మోవాలోని ఆ ఇంట్లో తేదీ ఏ భాషలో రావాలన్నది ఎవరికి తెలిసినా ఫర్వాలేదు. బ్యాంకు సర్వర్ పాస్‌వర్డు విషయంలో అలా అనలేం.